గుట్ట మీదా, ఏటి ఒడ్డునా?

మే 4

ఒరేయ్ గడుగ్గాయీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. ఫోన్ ఉండగా ఈ రాతకోతలేమిటంటావేమో. పోయిన ఏడాది ఆస్తిపన్ను ఆఫీసరు గొంతుతో ఫోన్ చేసి నన్ను వణికించిందెవరు? కట్టుడు పన్ను మింగేశానని భోరుమన్న ముసలావిడ ఎవరు? ఫోన్లో నీ గొంతు నేను నమ్మను. కాయితం మీద నీ కోడిగీతలు ఇంకెవరివీ కావని తెలుస్తుంది. ఈ విషయం తేలేదాకా ఉత్తరాలే.

విషయమేమిటంటే, క్లినిక్ అమ్మేశాను. కుర్చీలు, యంత్రాలు, చేపల తొట్టితో సహా ఒక కుర్ర డాక్టరుకి అప్పగించేశాను. మోకాళ్లు నిలబడనివ్వడం లేదు. ఇక పళ్లు పీకింది చాలు, మీ ఊరొచ్చి ఒక ఫ్లాటు కొనుక్కుని ఒక్కదాన్నే ఉందామని. రెండు చోట్లు చూపించారు. ఒకటి నీ పరుపుల కొట్టుకు దగ్గర్లో గుట్ట మీద, రెండోది ఊరికి అవతలి కొస, ఏటి ఒడ్డున కొత్తగా లేచిన పేట. రెండూ కలిగినవాళ్ల పేటలే, ధరలో తేడా లేదు. జూన్ ఇరవైన ఏదో ఒకదానికి సంతకం పెట్టాలి. పెట్టాక నచ్చలేదని మళ్లీ సామాను కట్టే ఓపిక నాకు లేదు. ఇక ఉండేది అక్కడే.

పరుపుల బండేసుకుని రెండు చోట్లా తిరుగుతూనే ఉంటావు కాబట్టి చూసి రాయి. లిఫ్టు వెడల్పుగా ఉందా? స్నానాలగది తలుపు బయటికి తెరుచుకుంటుందా, లోపలికా? నేల జారుతుందా? అక్కడివాళ్లు మనిషిని ఎలా చూస్తారు? బ్రోకరును వెంటేసుకోకు. వేషాలు వెయ్యకు.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క


మే 10

అక్కా,

నీ ఉత్తరం ముందు నీ మరదలు చదివింది, తరవాత నేను చదివాను, ఆ తరవాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మోకాళ్లు నొప్పయితే కూచుని పళ్లు పీకొచ్చుగా?" అంది. తనకి నాకంటే రెండు క్లాసులు ఎక్కువ చదువుంది కాబట్టి ఆ మాట నీకు అలాగే రాస్తున్నాను.

ముందు గుట్ట సంగతి. రోడ్డుకి రెండు పక్కలా గోడలు, ప్రతి గోడకీ ఒక గేటు, ప్రతి గేటుకీ ఒక కుక్క బొమ్మ. లోపల కుక్కుందో లేదో గానీ బొమ్మలు మాత్రం నాకేసి గుర్రుగా చూశాయి. అక్కడ అందరూ అందర్నీ పలకరిస్తారు. నోటితో 'గుడ్ మార్నింగ్' అంటారు, కళ్లతో 'నువ్వెవరు, ఎవరింటికి?' అంటారు. బేకరీ ముందు బెంచీ మీద ఒక పెద్దావిడ పొద్దున్నించీ కూచునే ఉంటుంది. నా బండి మీద కొట్టు పేరు చదివి, వెనక్కి తిరిగి నంబరు కూడా చదివింది. చెట్లున్నాయి, నీడుంది. ఫ్లాటులో నేల గరుకు రాయి, జారదు. లిఫ్టులో పరుపు నిలబెట్టి పట్టుకెళ్లాలి. స్నానాలగది తలుపు లోపలికే తెరుచుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, నేను కొట్లోంచి కేకేస్తే నీకు వినపడుతుంది.

ఏటి ఒడ్డు అంతా అద్దాలు. నేలలో నా మొహం నాకే కనపడి దణ్ణం పెట్టబోయాను. తలుపులు మనం తొయ్యకముందే తెరుచుకుంటాయి, మనుషులే తెరుచుకోరు. ఆరో అంతస్తులో పరుపు దింపడానికెళ్లి, బెల్లు కొట్టినా పలక్కపోతే ఎదుటి ఫ్లాటాయన్ని అడిగాను. "ఆ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?" అని ఆయనే నన్నడిగాడు! లిఫ్టులో మాత్రం డబుల్ పరుపు పరిచి పడుకుని వెళ్లొచ్చు. స్నానాలగది తలుపు బయటికి.

ఇక నా అనుమానం. ఒక్కదాన్నే ఉంటానని చెప్పి పెద్ద పరుపు కొనేవాళ్లని చాలామందిని చూశాను నేను. దవడలు పట్టుకుని జనం వరసకట్టే క్లినిక్కు ఉన్నట్టుండి అమ్మేశావు. లిఫ్టు వెడల్పుండాలంటున్నావు. స్నానాలగది తలుపు మీద ఎక్కడలేని శ్రద్ధ. అక్కా, ఎవరా పెద్దమనిషి? నాకంటే పొడుగా? కొలత చెబితే పరుపు నేనే కుట్టిస్తా.

నీ తమ్ముడు


మే 16

ఒరేయ్,

పెద్దమనిషీ లేడు, చిన్నమనిషీ లేడు. యాభై ఏడేళ్లొచ్చాయి నాకు. నోరు కడుక్కో.

నా అనుమానం కూడా విను. గుట్ట గురించి రాసేటప్పుడు నీ చెయ్యి ఆగలేదు, ఏటి ఒడ్డుకొచ్చేసరికి కలం మొరాయించింది. ఎందుకా అని ఆలోచిస్తుండగానే గుట్ట బ్రోకరు దగ్గర్నించి కార్డొచ్చింది. 'మీ తమ్ముడుగారు చాలా సరదా మనిషి, మా ఫ్లాట్లన్నిటికీ పరుపులు వారివే' అని. వద్దన్నది చెయ్యడం నీకు పుట్టుకతో వచ్చిన రోగం. నువ్వు నాకు ఇల్లు చూస్తున్నావా, నీకు బేరాలు చూసుకుంటున్నావా?

నాకు నీ కవిత్వం వద్దు. నేను అడిగినవాటిలో ముఖ్యం ఒకటే: అక్కడివాళ్లు మనిషిని ఎలా చూస్తారు? కాస్త కష్టమొస్తే ఏం చేస్తారు? రెండు చోట్లా ఒకే బట్టలు, ఒకే వేళ, ఒకే పని చేసి చూడు. ఏం జరిగిందో రాయి. ఎటు మొగ్గాలో నేను చూసుకుంటాను.

మందుల కంపెనీవాళ్లు నాకిచ్చిన పేస్టు ట్యూబులు నీకు పార్సిల్ చేశాను. కనీసం పళ్లయినా శుభ్రంగా ఉంచుకో.

అక్క


మే 24

అక్కా,

ఒకే పని అన్నావుగా, చేశాను. రెండు చోట్లా పడిపోయాను.

అంటే నిజంగా కాదు. రోడ్డు మీద కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, గుడ్లు తిప్పుతూ. నోట్లో నురగ కోసం నువ్వు పంపిన పేస్టే. ఇంత నురగొస్తుందని ఆ కంపెనీవాడికి కూడా తెలిసుండదు. రెండు చోట్లా నీలం చొక్కా, రెండు చోట్లా పొద్దున నడకల వేళ. ఇంతకంటే న్యాయం ఏ జడ్జీ చెయ్యలేడు.

గుట్ట మీద బండిలో కూచుని పేస్టు వేసుకుని, బేకరీ మెట్ల దగ్గర పడ్డాను. అబ్బ, ఏం జనం అక్కా! ఎక్కణ్ణించి ఊడిపడ్డారో. ఒకాయన ముక్కులో నీళ్లు పోశాడు. ఒకాయన కాళ్లు పట్టుకున్నాడు. బేకరీవాడు చెంచా తెచ్చి పళ్ల మధ్య దూర్చాడు. ఒకామె "ఎవరి డ్రైవరండీ ఇతను?" అని అందర్నీ అడిగింది. బెంచీ పెద్దావిడ "ఆ పరుపుల బండివాడే, నాకు మొదట్నించీ అనుమానమే" అంది. దేని మీద అనుమానమో చెప్పలేదు. అంబులెన్సు పిలుస్తున్నారని విని, ఇక లాభం లేదని లేచి, "తగ్గిపోయిందండీ" అని దణ్ణం పెట్టి బండెక్కాను. ఎవరూ కదల్లేదు. మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి చూశారు.

ఏటి ఒడ్డున, దింపే పరుపేదీ లేదని, బండి లోపలికి రానివ్వలేదు. నడకదారి పక్కన పెద్ద బోర్డొకటుంటే దాని చాటున నిలబడి పేస్టు వేసుకుని, దారి మధ్యలోనే పడ్డాను. ఒక్కడంటే ఒక్కడు ఆగితే ఒట్టు! నన్ను చుట్టి వెళ్లారు. పరిగెత్తే పిల్ల ఒకతె నా మీంచి దూకింది అక్కా, గొర్రెపిల్లలా. ఒకాయన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. వీపు కాలి, విసుగొచ్చి, నా అంతట నేనే లేచి దులుపుకున్నాను.

ఇంకా ఏమైనా తేలాలా? గుట్టే.

నీ తమ్ముడు


మే 29

ఎవరు చెప్పారు నీకు?

నర్సా? క్లినిక్ కొన్న ఆ కుర్రాడా? నేను మనిషినని మర్చిపోయి అంత ముచ్చటగా ఆడి చూపించావు. గుడ్లు తిప్పడం, కాళ్లు కొట్టుకోవడం, నురగ. అది కూడా నేను పంపిన పేస్టుతో. ఒకచోట చాలక రెండు చోట్ల. ఆ తరవాత నాకే పూసగుచ్చినట్టు రాశావు, చదివి నవ్వుకోమని.

నీ తుంటరితనం చిన్నప్పటినించీ భరించాను. ఇది తుంటరితనం కాదు.

ఎవరు చెప్పారో రాయి. ఇంకేమీ రాయకు.


జూన్ 3

అక్కా,

ఏమిటా కోపం! పైన సంబోధన లేదు, కింద 'అక్క' లేదు. కరెంటు ఆఫీసు నోటీసు ఇంతకంటే ప్రేమగా ఉంటుంది.

ఎవరు చెప్పారంటావా? చెప్పినవాళ్లని పట్టివ్వడం నా పద్ధతి కాదు. నాకు అంతా తెలుసు. ఎప్పట్నించో తెలుసు. నీ అంతట నువ్వే చెబుతావని ఊరుకున్నాను. ఈ వయసులో అయితే మాత్రం అందులో సిగ్గుపడాల్సిందేముంది? నీ మరదలికి కూడా తెలుసు. రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుకుంటుంటాం కూడా. దాచి లాభం లేదు. మొదట్నించీ ఎలా జరిగిందో నీ నోటితో చెప్పు, నీ మనసూ తేలికవుతుంది.

నేను ఎవరికీ చెప్పను, సరేనా?

నీ తమ్ముడు


జూన్ 8

నవ్వుకుంటున్నారన్న మాట.

సరే, తెలిసిందంటున్నావు కాబట్టి తెలిసినవాడి కోసం రాస్తున్నాను.

మొదటిసారి పోయిన చలికాలం. కుర్చీలో పేషెంటున్నాడు, లెక్కల మాస్టారు. దవడకి మత్తిచ్చి, బుగ్గల్లో దూది కుక్కాను. నా నోట్లో ఏదో ఇనుము నాకినట్టు రుచి. అంతే. కళ్లు తెరిస్తే నేను నేల మీద ఉన్నాను. ఆయన నా మీదికి వంగి, నోటినిండా దూదితో, మొద్దుబారిన నాలుకతో ఎవర్నో కేకెయ్యాలని చూస్తున్నాడు. మాట రావడం లేదు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి పాపం. నా చీర తడిసిపోయి ఉంది. నర్సు వచ్చి ఇద్దర్నీ లేపింది.

మూర్ఛ. పెద్ద డాక్టరు స్కానులన్నీ తీసి ఆ మాటే అన్నాడు. మందులు వేసుకుంటున్నాను, అయినా మళ్లీ మళ్లీ వచ్చింది. ఒకసారి స్నానాలగదిలో తలుపుకి అడ్డంగా పడ్డాను. బయటినించి ఎవరూ తొయ్యలేకపోయారు. సూది పట్టుకున్న చెయ్యి ఎప్పుడు కొట్టుకుంటుందో తెలియనిదాన్ని, ఇంకొకరి నోట్లో ఆ చెయ్యి ఎలా పెడతాను? క్లినిక్ అమ్మింది అందుకు. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

నీకు చెప్పలేదు. చెబితే ఏం చేస్తావో భయం. చూడు, చెప్పకుండానే చేశావు.

ఒక మేలు మాత్రం జరిగింది. గుట్ట వద్దని తేలిపోయింది. పళ్ల మధ్య చెంచా దూరిస్తే పళ్లు విరుగుతాయిరా, మూర్ఛ ఆగదు. కాళ్లు పట్టుకుంటే ఎముక విరుగుతుంది. ముక్కులో నీళ్లు పోస్తే చచ్చిపోవచ్చు. అవన్నీ అయ్యాక బెంచీ ముసలమ్మ ఊరంతటికీ చెబుతుంది. ఏటి ఒడ్డున ఎవరూ ఆగలేదన్నావు. నాకు కావలసింది అదే. ఎవరి మానాన వాళ్లు దాటిపోతే, నా మానాన నేను లేచి, చీర దులుపుకుని ఇంటికి పోతాను. ఏటి ఒడ్డునే కొంటున్నాను. కాయితాలు సిద్ధం చెయ్యమని చెప్పేశాను.

అక్క


జూన్ 12

అక్కా,

నాకేమీ తెలీదు. నీ మీద ఒట్టు, ఏమీ తెలీదు.

నువ్వు 'ఎవరు చెప్పారు' అంటే ఆ పెద్దమనిషి సంగతేననుకున్నాను. తెలుసని బుకాయిస్తే నువ్వే కక్కేస్తావని గాల్లో రాయి విసిరాను. భోజనాల దగ్గర నవ్వుకున్న మాట నిజమే, కానీ లేని పెళ్లికొడుకుని తలుచుకుని. నీ ఉత్తరం కొట్లోనే చదివాను. పరుపు బేరమాడుతున్న ఆయన్ని "మళ్లీ రండి" అని పంపేసి షట్టర్ దింపాను. నీ మరదలు నాతో మాట్లాడ్డం లేదు. నాతో నేనే మాట్లాడ్డం లేదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. ఏటి ఒడ్డు వద్దు.

నిన్న అక్కడికెళ్లాను. రేపు మా అక్క పడితే ఆవిడ మీంచి కూడా ఇలాగే దూకి పోతారా అని తిట్టడానికే వెళ్లాను. దూకిన పిల్ల కనపడింది. నిలదీశాను. నవ్వాపుకోలేక ఏమందో తెలుసా? "అంకుల్, ఆ బోర్డు అద్దంది. మీరు వెనకాల నిలబడి ట్యూబు పిండుకోవడం అందరం చూశాం." దాని నిండా రాతలు చూసి నేను చాటనుకున్నది చాటే కాదక్కా! ఫోన్ పట్టుకున్నాయన ట్యూబు పిండినప్పట్నించీ వీడియో తీశాడు. వాళ్ల బిల్డింగుల వాట్సాప్ గుంపులో పెట్టాడు. అక్కడ అందరికీ నేను తెలుసు. పేస్టు అంకుల్ అంటున్నారు. వెళ్తుంటే ఒకాయన "ఇవాళ పడరా?" అని అడిగాడు.

అంటే అర్థమవుతోందా? వాళ్లు చూడనివాళ్లు కాదు, బాగా చూసేవాళ్లు. పైగా అక్కడ ఇప్పుడెవరు పడ్డా నాటకమే అనుకుంటారు. నువ్వు పడితే చప్పట్లు కొడతారు. ఆ చోటు నా చేతులారా పాడు చేశాను.

గుట్ట మీద ఉండు. లేదా మా ఇంట్లో ఉండు, నీ మరదలు పెద్ద గది ఖాళీ చేస్తోంది. తలుపు నేనే పీకి బయటికి తిప్పి బిగిస్తాను.

నీ తమ్ముడు


జూన్ 16

ఒరేయ్,

ఉత్తరం చదివి కాసేపు మెత్తబడ్డాను. తరవాత మళ్లీ చదివాను.

అద్దం బోర్డట. అందరూ చూశారట. వీడియో అట. నేను గుట్ట వద్దన్న నాలుగు రోజులకే నీకు ఇవన్నీ తెలిసిపోయాయి. మొన్న అంతా తెలుసన్నావు, ఇవాళ ఏమీ తెలీదంటున్నావు. ఏది నమ్మను? నన్ను నీ కొట్టుకు దగ్గర్లో కట్టేసుకోవాలని మొదట్నించీ నీ ఆత్రం. ఇప్పుడు దానికి జాలి కూడా కలిసింది. మీ ఇంట్లో ఉంటే, దగ్గినా తుమ్మినా నువ్వూ మీ ఆవిడా గుమ్మంలో నిలబడి చూస్తారు. వద్దు.

ఇరవైన వస్తున్నాను. సంతకం పెట్టేది ఏటి ఒడ్డునే. స్టేషనుకి రాకు. వచ్చావంటే నిన్ను ఎరగనట్టే నడిచిపోతాను.

అక్క


జూన్ 22

ఒరేయ్ గడుగ్గాయీ,

హోటలు గదిలో కూచుని రాస్తున్నాను. మాట ముద్దగా వస్తోంది. కాయితం మీద నయం.

ఇరవై పొద్దున ఆఫీసు తెరవడానికింకా టైముంటే నడకదారి పట్టాను. బోర్డు చూశాను. అద్దమే. అవతల బాతులు కూడా కనపడుతున్నాయి. 'అయ్యో, వీడు నిజమే రాశాడు' అనుకుంటుండగానే నోట్లో ఇనుము రుచి. కూచోవడానికి బెంచీ వెతికాను. అందలేదు.

తెలివొచ్చేసరికి చెంప నేల మీద ఉంది. కాస్త దూరంలో నలుగురైదుగురు నిలబడ్డారు. ఫోనాయన ఫోనెత్తి పట్టుకుని ఉన్నాడు. నవ్వుతూ, "మేడం, అంకుల్ కంటే మీరే బాగా చేశారు. ఆయనెక్కడ దాక్కున్నాడు?" అన్నాడు. నువ్వు రాసినట్టే. చప్పట్లు ఒకటే తక్కువ. లేవబోతే నోట్లోంచి నెత్తురు పడింది. నాలుక కొరుక్కున్నాను. ఆయన చెయ్యి అలా కిందికి దిగిపోయింది. పరిగెత్తే పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి నా పక్కన నేల మీద కూచుని ఏడుపు మొదలెట్టింది. నేనే దాన్ని ఊరుకోబెట్టాల్సొచ్చింది.

"మాకు తెలీదు మేడం. నిజంగా వస్తే ఏం చెయ్యాలి?" అనడిగింది.

ఇన్నేళ్లు ప్రతివాణ్ణీ నోరు తెరవమన్నాను గానీ ఈ విషయంలో నేను తెరవలేదు. నెత్తురు తుడుచుకుంటూ చెప్పాను. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. పట్టుకోకండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఆగిపోయేదాకా పక్కన ఉండండి, ఎంతకీ ఆగకపోతే అంబులెన్సు పిలవండి. చీర తడిసిందని కూడా చెప్పాను. పిల్ల తన చొక్కా విప్పి నా నడుముకి కట్టింది, లోపల ఇంకోటుందిలే. ఫోనాయన నన్ను మళ్లీ ఒకసారి చెప్పమని, తను అప్పజెప్పి, తప్పు పోయిన చోట దిద్దించుకున్నాడు. తీసింది చెరిపేసి, వాళ్ల గుంపులో నేను చెప్పింది పెట్టమన్నాను. నా పేరుతోనే. పెట్టాడు.

చీర మార్చుకుని వెళ్లి సంతకం పెట్టాను. ఏటి ఒడ్డునే. ఎవరూ చూడరని కాదు. గుట్ట మీదయితే మళ్లీ మొదటినించీ చెప్పుకోవాలి. ఏటి ఒడ్డున ఒకసారి చెప్పేశాను. మళ్లీ చెప్పుకునే ఓపిక లేదు.

నీ మీద కోపం పోలేదు. జన్మలో ఒక్కసారి నిజం రాసి, అది కూడా నేను నమ్మకుండా చేసుకున్న మనిషివి నువ్వు. మరదలు నీతో మాట్లాడకపోతే మంచిదే, ఇంకొన్నాళ్లు అలాగే ఉండమను.

వెళ్తుంటే ఆ పిల్ల అడిగింది, "పేస్టు అంకుల్ మీకేమవుతాడు మేడం?" అని. జబ్బు సంగతి చెప్పగలిగాను గానీ, నువ్వు నా తమ్ముడివని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆదివారం పొద్దున నడకల వేళకి అందరూ ఉంటారు. వచ్చి నువ్వే చెప్పుకో.

అక్క